ఆ విశ్లేషకుడు ఎవరి మనిషి?

బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో దిగి నడిచి వెళ్లేంత దూరంలో కాటన్‌పేట ఉంది. ఆ మెయిన్ రోడ్డు మీదే హజ్రత్ తవక్కల్ మస్తాన్ దర్గా. ఏటా చైత్ర పౌర్ణమి రాత్రి తిగళరపేట ధర్మరాయస్వామి గుడి నుంచి బయలుదేరే ద్రౌపదమ్మ కరగ పాతపేటలన్నీ తిరుగుతూ ఈ దర్గా దగ్గర ఆగి, మర్యాదలు అందుకుని వెళ్తుంది. తరాలుగా వస్తున్న ఆచారం ఇది. కరోనా వల్ల రెండేళ్లు నామమాత్రంగా జరిగిన ఉత్సవం 2022లో మళ్లీ ఘనంగా జరగబోతున్న వేళ, కర్ణాటకలో హిజాబ్ మీదా హలాల్ మాంసం మీదా వాదనలు రగులుతున్నాయి. సరిగ్గా అప్పుడే కరగ దర్గాకు వెళ్లకూడదని కొన్ని సంస్థలు పట్టుబట్టాయి. ఆ డిమాండు వార్త అయింది, ఆ వార్త చర్చ అయింది. గుడివారు మాత్రం ఆచారం మారదన్నారు. దర్గావారు రండి అన్నారు. ఆ పౌర్ణమికి కరగ ఎప్పటిలాగే కాటన్‌పేట దర్గాకు వెళ్లింది.

గుడికీ దర్గాకూ లేని తగవు మాట్లాడేవాళ్ల మధ్య పుట్టింది. రాజకీయ వార్తా వ్యాఖ్యానంలో రోజూ జరిగేది తరచుగా ఇలాగే ఉంటుంది. జరిగింది గోరంత, చెప్పింది కొండంత. కొన్నిసార్లు జరిగిందే కొండంత, చెప్పేది గోరంత. తిమ్మిని బమ్మిని చేసే ఈ విద్య ఎలా పనిచేస్తుందో, మన తెలుగు ఛానళ్లలో అది ఇంతగా ఎందుకు వేళ్లూనిందో కాస్త ఓపికగా చూడాలి. ముఖ్యంగా కాటన్‌పేటలాంటి చోట ఉండే తెలుగువారి కోసం.

ఎందుకంటే వీరి పరిస్థితి వేరు. అనంతపురం, కడప, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చి మెజెస్టిక్ చుట్టుపక్కల దుకాణాల్లో, గోదాముల్లో, లాడ్జీల్లో, మెస్సుల్లో పనిచేసేవాళ్లలో చాలామందికి ఓటు ఊళ్లోనే ఉంటుంది. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో పోలింగు జరిగినప్పుడు బెంగళూరు నుంచి కిక్కిరిసి వెళ్లిన బస్సులే అందుకు సాక్ష్యం. ఊళ్లో ఉన్నవాడికి రోడ్డు పడిందో లేదో, పింఛను అందిందో లేదో కళ్లారా తెలుస్తుంది. టీవీ అబద్ధం చెబితే గుమ్మం దాటి చూసుకోగలడు. వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నవాడికి ఆ వీలు లేదు. రాత్రి షట్టరు దించాక ఫోన్లో చూసే చర్చే అతనికి ఊరు. ఆ చర్చలో కూర్చున్న పెద్దమనిషి పేరు కింద 'రాజకీయ విశ్లేషకుడు' అని ఉంటే, తనకు తెలియనిది తెలిసినవాడని నమ్ముతాడు. ఆ నమ్మకాన్ని వాడుకోవడం గురించే నా బాధ.

ఒక పత్రిక ఒక పార్టీ పక్షాన నిలబడటం నేరమేమీ కాదు. విశాలాంధ్ర సీపీఐ పత్రిక, ప్రజాశక్తి సీపీఎం పత్రిక. ఆ సంగతి వాళ్లు దాచలేదు, పాఠకులూ మోసపోలేదు. చిక్కంతా పక్షం ఉండి కూడా తటస్థుడి వేషం వేసినప్పుడే వస్తుంది. రామోజీరావు 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు ప్రారంభించారు. 1982లో ఎన్టీఆర్ తెలుగుదేశం పెట్టినప్పుడు ఆ పార్టీ గెలుపుకు ఈనాడు ఎంతగా తోడ్పడిందో తెలుగునాట తెలియనివారు లేరు. 1995లో ఎన్టీఆర్ పదవి పోయినప్పుడు అదే పత్రిక చంద్రబాబు వైపు నిలిచింది. 2002లో వేమూరి రాధాకృష్ణ చేతుల్లో మళ్లీ మొదలైన ఆంధ్రజ్యోతి కూడా క్రమంగా ఆ వరసలోకే వచ్చింది. ముఖ్యమంత్రిగా ఉన్న రాజశేఖరరెడ్డి సభల్లో పేర్లు చెప్పకుండా 'ఆ రెండు పత్రికలు' అనేవారు, జనం అర్థం చేసుకునేవారు. దానికి జవాబుగా 2008 మార్చిలో ఆయన కుమారుడు జగన్ సాక్షి పత్రిక తెచ్చారు, మరుసటి ఏడాది సాక్షి టీవీ వచ్చింది. తెలంగాణలో 2011లో నమస్తే తెలంగాణ, టీ న్యూస్ వచ్చాయి, రెండూ ఒకే పార్టీ నీడలో. తరవాత జగన్ నోట 'దుష్టచతుష్టయం' అన్న మాట, తెలుగుదేశంవారి నోట 'నీలి మీడియా', వైకాపావారి నోట 'ఎల్లో మీడియా' రోజువారీ మాటలయ్యాయి.

ఇది తెలుగువారికే పట్టిన తెగులు కాదు. కన్నడంలో కస్తూరి ఛానల్ కుమారస్వామి కుటుంబం పెట్టింది. సువర్ణ న్యూస్ వెనకున్న సంస్థ బీజేపీ నాయకుడు రాజీవ్ చంద్రశేఖర్‌ది. తమిళంలో జయ టీవీ, మలయాళంలో కైరళి ఎవరివో అందరికీ తెలుసు. నాలుగు భాషల ఛానళ్లూ వినిపించే కాటన్‌పేటలో ఏ ఛానల్ ఏ ఇంటిదో పసివాడు కూడా చెప్పగలడు. యజమాని ఎవరో తెలుసు. కానీ కుర్చీలో కూర్చున్న అతిథి ఎవరి మనిషో తెలియదు. పార్టీ ప్రతినిధి వచ్చి పార్టీ మాట చెబితే జనం సగం తగ్గించుకుని వింటారు. అదే మాట 'సీనియర్ జర్నలిస్టు' చెబితే పూర్తిగా వింటారు. అందుకే ఛానళ్లకు పార్టీ ప్రతినిధి కంటే ఈ రెండో రకం మనిషే ఎక్కువ పనికొస్తాడు.

చర్చ మొదలు కాకముందే సగం పని అయిపోతుంది. నలుగురిని పిలిస్తే అందులో ఒకరు ఛానల్‌కు నచ్చిన పార్టీ ప్రతినిధి, ఇద్దరు అదే వైపు మొగ్గే విశ్లేషకులు. ఎదుటి పక్షం నుంచి ఒక్కరు, అదీ మాట తడబడేవారు. బయటికి నాలుగు గొంతులు, లోపల మూడు ఒకటే. తరవాత యాంకర్ ప్రశ్న వేస్తాడు: 'ప్రభుత్వం మీద జనం ఇంతగా ఎందుకు మండిపడుతున్నారు?' మండిపడుతున్నారా లేదా అన్నది ఎవరూ అడగలేదు, ప్రశ్నలోనే దాన్ని మింగించేశారు. ఇక అతిథులు కారణాల మీద వాదించుకుంటారు. చూసేవాడికి చర్చ వాడిగా సాగినట్టే ఉంటుంది.

నిజంగా జరిగిన ఒక వ్యవహారాన్ని తీసుకుంటే ఇదంతా ఇంకా స్పష్టమవుతుంది. తిరుమల లడ్డూ కంటే మంచి ఉదాహరణ నాకు తోచడం లేదు. బెంగళూరు తెలుగువారికి, కన్నడిగులకు కూడా, అది గుండెకు తగిలిన విషయం.

2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. జూలైలో తితిదే నెయ్యి నమూనాలను గుజరాత్‌లోని ఆనంద్‌లో ఉన్న జాతీయ పాడి అభివృద్ధి మండలి (ఎన్‌డీడీబీ) ప్రయోగశాలకు పంపింది. నెయ్యి ప్రమాణాలకు తగ్గట్టు లేదని, పరాయి కొవ్వులు కలిసి ఉండవచ్చని నివేదిక వచ్చింది. అలా కలిసే అవకాశం ఉన్న వాటి జాబితాలో పామాయిల్‌లాంటి నూనెలతో పాటు చేపనూనె, పశువుల కొవ్వు, పంది కొవ్వు కూడా ఉన్నాయి. ఆవులకు పెట్టిన మేతను బట్టి, మరికొన్ని పరిస్థితులను బట్టి ఫలితం తప్పుగా రావచ్చన్న హెచ్చరిక కూడా ఆ నివేదికలోనే ఉంది. సెప్టెంబరు 18న ముఖ్యమంత్రి చంద్రబాబు గత ప్రభుత్వ హయాంలో లడ్డూలో జంతువుల కొవ్వు కలిపారని బహిరంగంగా అన్నారు. ఆ రాత్రి నుంచి ఛానళ్లు రెండుగా చీలిపోయాయి.

ఒక వైపు విశ్లేషకులు 'కలిసి ఉండవచ్చు' అన్న మాటను 'కలిసింది' అన్నట్టు వినిపించారు. హెచ్చరిక ఉన్న పేజీ జోలికే పోలేదు. పరీక్షకు పంపిన ట్యాంకర్ల నెయ్యి లడ్డూల తయారీకి చేరిందా, వెనక్కి పంపారా అని అడగలేదు. ఇంకో వైపు విశ్లేషకులు ఆ హెచ్చరిక పేజీ ఒక్కటే పట్టుకున్నారు. జంతువుల కొవ్వు రుజువు కాలేదు కాబట్టి నెయ్యిలో ఏ లోపమూ లేనట్టే అన్న ధోరణిలో మాట్లాడారు. ప్రమాణాలకు తగని నెయ్యి తిరుమల దాకా ఎలా వచ్చింది, అంత తక్కువ ధరకు సరఫరా ఎలా ఒప్పుకున్నారు అన్న అసలు ప్రశ్నను పక్కకు నెట్టారు. రెండు వైపులా చేతిలో ఉన్నది ఒకే నివేదిక. ఎవరూ లేని మాట రాసి చూపలేదు. ఒకరు ఒక పేజీ దాచారు, ఇంకొకరు ఇంకో పేజీ దాచారు. అబద్ధం ఆడకుండానే అబద్ధం నమ్మించడం అంటే ఇదే. మాట తిప్పడంలో ఇంతకంటే బలమైన పద్ధతి లేదు.

సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు కనీసం దేవుళ్లనైనా రాజకీయాలకు దూరంగా ఉంచాలని చెప్పింది. దర్యాప్తు తేలకముందే బహిరంగ ప్రకటన ఎందుకు చేశారని అడిగింది. అక్టోబరు 4న సీబీఐ నుంచి ఇద్దరు, రాష్ట్ర పోలీసుల నుంచి ఇద్దరు, ఆహార ప్రమాణాల సంస్థ నుంచి ఒకరు ఉండే బృందానికి దర్యాప్తు అప్పగించింది. 2025 ఫిబ్రవరిలో ఆ బృందం నెయ్యి సరఫరాతో సంబంధమున్న డెయిరీల వారిని నలుగురిని అరెస్టు చేసింది. అంటే కల్తీ అన్న ప్రశ్న నిజమైనదే. జంతువుల కొవ్వు అన్న ప్రశ్న వేరే. ఈ రెంటినీ విడదీసి చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. రాత్రుల తరబడి గంటలకొద్దీ సాగిన చర్చల్లో ఆ ఒక్క నిమిషమే కరువైంది.

ఇక జోస్యాల సంగతి. లగడపాటి రాజగోపాల్‌ను ఒకప్పుడు 'ఆంధ్రా ఆక్టోపస్' అనేవారు, ఆయన సర్వేలకు అంత పేరు. 2018 తెలంగాణ ఎన్నికల్లో కాంగ్రెస్, తెలుగుదేశం కలిసిన ప్రజాకూటమికి 65 స్థానాలు అటూ ఇటుగా వస్తాయన్నారు. 119లో టీఆర్ఎస్‌కే 88 వచ్చాయి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశానికి వంద అటూ ఇటుగా అన్నారు. 23 వచ్చాయి, వైకాపాకు 151. 2024లో ఆరా మస్తాన్ సర్వే వైకాపాకు 94 నుంచి 104 వస్తాయంది. వచ్చింది 11. ఒకరి లెక్క ఒక పక్షానికి, ఇంకొకరి లెక్క ఇంకో పక్షానికి అనుకూలంగా తప్పింది కాబట్టి ఏ ఒక్క పార్టీ వారూ దీన్ని ఎదుటివారి మీదే రుద్దలేరు. రాజగోపాల్ 2019 తరవాత ఇక సర్వేలు చేయనని ప్రకటించారు. దాన్ని నేను గౌరవిస్తాను. ఆయన అంకెలు చూపి రోజుల తరబడి విశ్లేషించినవారు మాత్రం మర్నాడే అదే కుర్చీలో కూర్చుని, జగన్ గెలుపు తమకు ముందే తెలిసినట్టు కారణాలు చెప్పారు.

అమెరికాలో ఫిలిప్ టెట్లాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ విషయం మీదే ఇరవై ఏళ్లు పనిచేశారు. 284 మంది నిపుణుల చేత రాజకీయ, ఆర్థిక జోస్యాలు చెప్పించి, రాసిపెట్టుకుని, ఫలితాలతో పోల్చి చూశారు. 2005లో పుస్తకంగా వచ్చిన ఆ పరిశోధనలో తేలింది ఏమిటంటే, నిపుణుల అంచనాలు సాదాసీదా లెక్కలను కూడా పెద్దగా మించలేదు. ఎక్కువగా తెరమీద కనిపించే పేరున్నవారి అంచనాలు మిగతావారి కంటే మెరుగ్గా లేవు సరికదా, ఇంకా నాసిగా ఉన్నాయి. కారణం ఊహించడం కష్టం కాదు. ఒకే సిద్ధాంతంతో అన్నిటినీ గట్టిగా, తడుముకోకుండా చెప్పేవారిని టీవీ కోరుకుంటుంది. 'ఇప్పుడే చెప్పలేం' అనేవారిని రెండోసారి పిలవదు.

ఇదంతా ఎందుకు సాగుతోందంటే, చవక కాబట్టి. నెయ్యి వచ్చిన డెయిరీ దాకా ఒక విలేకరిని పంపి, నాలుగు రోజులు అక్కడ ఉంచి, పత్రాలు తెప్పించడానికి డబ్బూ కావాలి, ధైర్యమూ కావాలి. స్టూడియోలో నలుగురు అరుచుకోవడానికి ఏమంత ఖర్చు కాదు. పైగా ప్రభుత్వ ప్రకటనల ఆశ ఒకటి. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాలంటీర్లు దినపత్రిక కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయలు ఇస్తూ ఉత్తర్వు తెచ్చింది. అది సాక్షికి మేలు చేయడానికేనంటూ ఈనాడు యాజమాన్యం కోర్టుకెక్కింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ కేసును ఢిల్లీ హైకోర్టుకు బదిలీ చేసింది. అంతకుముందు 2009 ఎన్నికల్లో అభ్యర్థుల దగ్గర డబ్బు పుచ్చుకుని వార్తలు రాసిన తీరును మన జర్నలిస్టు సంఘమే బయటపెట్టింది. ప్రెస్ కౌన్సిల్ 2009లోనే దాని మీద ఉపసంఘం వేయాల్సి వచ్చింది.

మాట తిప్పడం మాటలతోనే ఆగదు. 2009 సెప్టెంబరు 2న హెలికాప్టర్ ప్రమాదంలో రాజశేఖరరెడ్డి మరణించారు. 2010 జనవరి 7న టీవీ5, ఎవరో విదేశీ వెబ్‌సైటులో రాసిన ఆధారం లేని కథనాన్ని పట్టుకుని ఆ మరణం వెనక రిలయన్స్ ఉందన్నట్టు చూపింది. మరికొన్ని ఛానళ్లు ఎత్తుకున్నాయి. ఆ రాత్రే రాష్ట్రమంతటా రిలయన్స్ దుకాణాలు, పెట్రోలు బంకుల మీద దాడులు జరిగాయి. ఆ దుకాణాల్లో పనిచేసేవాళ్లు మన పిల్లలే.

దీనికి మందు జైలా? ప్రభుత్వాలు అదే అనుకున్నాయి. 2014 జూన్‌లో తెలంగాణ శాసనసభ్యులను వెక్కిరించే కార్యక్రమం వచ్చిందని టీవీ9ను, దాంతో పాటు ఏబీఎన్‌ను కేబుల్ ఆపరేటర్లు నిలిపేశారు. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిరాధార వార్తల మీద కేసులు పెట్టే అధికారం శాఖాధిపతులకు ఇస్తూ 2430 నంబరు జీవో తెచ్చింది. 2021లో టీవీ5, ఏబీఎన్‌ల మీద రాజద్రోహం కేసు పెట్టింది, సుప్రీంకోర్టు మే 31న అడ్డుకుంది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే పాత్రలు తారుమారయ్యాయి: ఈసారి సాక్షి, టీవీ9, ఎన్టీవీ కేబుల్‌లో మాయమయ్యాయి. టీవీ9 ప్రసారాలు పునరుద్ధరించాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. 2025 జూన్‌లో సాక్షి చర్చలో ఒక విశ్లేషకుడు అమరావతి ప్రాంతాన్ని, అక్కడి ఆడవాళ్లను కించపరిచే మాట అన్నాడు. నీచమైన మాట అది, అందులో సందేహం లేదు. కానీ పోలీసులు ముందుగా హైదరాబాద్ వచ్చి అరెస్టు చేసింది యాంకర్ కొమ్మినేని శ్రీనివాసరావును. అన్నది ఆయన కాదు కదా అని సుప్రీంకోర్టు జూన్ 13న బెయిలిచ్చింది.

ఆ సంఘటనలో ఎవరూ ఆగి చూడని విషయం ఒకటుంది. కొమ్మినేని గత ప్రభుత్వ హయాంలో మీడియా అకాడమీకి ఛైర్మన్‌గా పనిచేశారు. అంటే ప్రభుత్వం ఇచ్చిన పదవి. తెలుగుదేశం వైపు ఛానళ్లలో కూర్చునేవారిలోనూ ఇలా పదవులు అందుకున్నవారు ఉన్నారు. పదవి తీసుకోవడం తప్పు కాదు. ఆ వివరం తెరమీద పేరు కింద ఉండి తీరాలి అంటాను. కాటన్‌పేటలో టోకు సరుకు కొనేవాడు మధ్యవర్తి ఎంత తియ్యగా మాట్లాడినా ముందు అడిగేది అతనికి దలాలీ ఎవరిస్తున్నారని. చర్చల్లో ఆ ప్రశ్న మనం అడగడం లేదు.

ఫిర్యాదుకు దారి ఉంది, కానీ ఇరుకు. ఛానల్‌కు వార్తా ప్రసారకుల సంఘంలో సభ్యత్వం ఉంటే, ప్రసారమైన వారంలోపు ముందు ఆ ఛానల్‌కే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. జవాబు తృప్తినివ్వకపోతే ఎన్‌బీడీఎస్ఏ అనే స్వీయ నియంత్రణ సంస్థకు వెళ్లాలి. 2023 నాటికి ఆ సంస్థ వేయగల జరిమానా లక్ష రూపాయలే. అది ఏ మూలకూ చాలదని ఆ ఏడాది సుప్రీంకోర్టే అంది. అమెరికాలో 2020 ఎన్నికల ఓటు యంత్రాల మీద తప్పుడు ఆరోపణలు ప్రసారం చేసినందుకు ఫాక్స్ న్యూస్ 2023లో డొమినియన్ కంపెనీకి 78.75 కోట్ల డాలర్లు చెల్లించింది. ఆ కేసులో బయటపడిన సందేశాలు చూస్తే, తెరమీద చెప్పినదాన్ని వ్యాఖ్యాతలు లోలోపల తామే నమ్మలేదని తేలింది. అక్కడ కంపెనీకి నష్టం జరిగింది కాబట్టి డబ్బు కట్టారు. మోసపోయిన ప్రేక్షకుడికి అక్కడా ఏమీ దక్కలేదు.

ఇంత పట్టించుకోవాలా అని అడిగేవారికి కాటన్‌పేట నుంచే ఒక అంకె చెప్పాలి. ఈ ప్రాంతం గాంధీనగర్ శాసనసభ నియోజకవర్గంలోకి వస్తుంది. 2023 మేలో ఇక్కడ దినేశ్ గుండూరావు గెలిచింది 105 ఓట్ల తేడాతో. ఒక్క రాత్రి చర్చ చూసి ఒక వీధి మనసు మార్చుకున్నా ఫలితం మారిపోయేంత తేడా అది.

కాబట్టి రాజకీయ చర్చ చూసే ప్రతి తెలుగువారికీ నా విన్నపం ఇది. చర్చలు మానేయకండి. నచ్చిన ఛానల్‌నూ వదిలేయకండి. ఒక విశ్లేషకుడి మాట మీకు గట్టిగా తగిలితే, అదే రోజు అదే విషయం మీద ఎదుటి పక్షం ఛానల్ దాచని పేజీ ఏదో పది నిమిషాలు చూడండి. అతను గత ఎన్నికలకు ముందు ఏం చెప్పాడో వెతకండి, వీడియోలు ఎక్కడికీ పోవు. ఏ పార్టీ దగ్గర, ఏ ప్రభుత్వం దగ్గర ఏ పదవి అందుకున్నాడో పేరు కింద చూపమని ఛానల్‌కు ఒక ఉత్తరం రాయండి. మీరు అభిమానించే ఛానల్‌కే ముందు రాయండి, ఎదుటివారికి రాసే ఉత్తరానికి విలువ ఉండదు.

కర్ణాటకలో 2028లో, ఆంధ్రప్రదేశ్‌లో 2029లో మళ్లీ ఎన్నికలు వస్తాయి. ఆ ఉత్తరాలు రాయడానికి ఇప్పుడు సమయం ఉంది.